స్క్రీన్ కడిగేటప్పుడు గ్లవ్స్ వేసుకో

చిరంజీవి అమ్మడికి,

నీ స్క్రీన్ ప్రింటు అందింది. గొట్టంలో చుట్టుకుపోయి వచ్చింది కదా, నాలుగు మూలలా నీ పాత పుస్తకాలు బరువు పెట్టి సాపు చేశాను. మీ అమ్మ అప్పుడే ఫ్రేము కట్టించమంటోంది. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. సీత పిన్ని మోకాలు కాస్త నయం. కిట్టుగాడు వచ్చి వెళ్ళాడు. నువ్వు రాత్రి పదకొండింటికి ఫ్లైఓవర్ కింద నిచ్చెనెక్కి స్ప్రే కొడుతుంటే చూశానన్నాడు. చీకట్లో ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో. నువ్వేమో ఉగాది నుంచి ఫోనే ఎత్తడం లేదు.

ప్రింటు సంగతికొస్తాను. ఆ మెరిసే గులాబీ, గోడ మీద పెయింటు కారినట్టు జారిన పసుపు చారలు చాలా బావున్నాయి. ఫలానా బొమ్మ అని లేకపోయినా చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. గులాబీ నీలాన్ని దాటి పక్కకి జరిగి ఉంటే రిజిస్ట్రేషన్, అదే రంగు మీద రంగు కూర్చోవడం, తప్పిందేమో అనుకున్నాను. అంచున ప్లస్ గుర్తులు భూతద్దంతో చూశాను. రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. అంటే స్క్రీన్ మీదికి బొమ్మ ఎక్కించే ఫిల్ములోనే కావాలని జరిపావు. అమెరికా ఆర్టిస్టు ఆండీ వార్హోల్ 1962లో సినిమా నటి మార్లిన్ మన్రో ముఖాన్ని స్క్రీన్‌తోనే యాభైసార్లు అచ్చు తీశాడు. అది లండన్ టేట్ మ్యూజియం వాళ్ళ దగ్గరుంది. కుడి సగంలో నలుపు ఒకచోట ముద్దయింది, ఒకచోట వెలిసిపోయింది. అవన్నీ అలాగే ఉంచేశాడు, అందులోనే ఉంది దాని బలం.

స్క్రీన్‌కి పూసే ఎమల్షన్‌ని వెలుతురుకి గట్టిపడేలా చేసే ఆ బైక్రోమేట్ రసాయనం మాత్రం వాడకు. 1983 ఎన్నికలప్పుడు పెదమావయ్య షాపులో రాత్రింబవళ్ళు జెండాలు అచ్చువేసే పని. ఎమల్షన్‌లో బైక్రోమేట్ కలపడం, స్క్రీన్‌కి పూసి చీకటిగదిలో ఆరబెట్టడం, ఫిల్ము పెట్టి డాబా మీద ఎండ చూపించడం, కుళాయి కింద కడగడం, అన్నీ ఆయనే. ఎండ తగిలినచోట గట్టిపడేది, నలుపు అడ్డున్నచోట నీళ్ళకి జారిపోయేది. అది సరిగ్గా విడిపోవాలని వేళ్ళతో మెల్లగా రుద్దేవాడు. అంతా ఉత్త చేతులతోనే. చేతికంటిన ఇంకు థిన్నర్‌తో తుడిచేవాడు. సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారుతున్నాయి. అత్తయ్య ఆవకాయన్నం పెడితే కలుపుకోలేకపోయాడు. పండగపూట ఆ మనిషి స్పూనుతో తిన్నాడు. ఆ చేతులు తర్వాత పూర్తిగా మానలేదు, చలికాలం వస్తే మళ్ళీ పగిలేవి. ఇప్పుడు బైక్రోమేట్ అక్కర్లేని డయాజో ఎమల్షన్ దొరుకుతోంది కాబట్టి అదే వాడు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. కిటికీలు తీసి పని చెయ్యి. ఆ గదిలో అన్నం తినకు.

లెక్చర్ ఇవ్వకూడదనుకుంటూనే మొదలుపెట్టాను. గోడల మీద వెయ్యొద్దని నేననను. హైదరాబాద్ మక్తాలో ఇళ్ళ గోడలన్నీ బొమ్మలే కదా, నువ్వే తీసుకెళ్ళి చూపించావు. అవి వాడలో అందరికీ తెలిసి వేసినవి. నువ్వు కూడా గోడ ఎవరిదో కనుక్కుని, అనుమతి కాగితం మీద రాయించుకుని, పగలు వెయ్యి. నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. రాత్రి ఒక్కదానివే వద్దమ్మా. పోలీసులు అడిగితే ఎవరికి ఫోన్ చేస్తావు? మా ఫోనే ఎత్తవు.

శనివారం బస్సులో గ్లవ్స్ పెట్టె, కొబ్బరినూనె, కందిపొడి పంపుతున్నాను. కండక్టర్ నంబరు మెసేజ్ చేస్తాను, దానికైనా జవాబివ్వు. కిట్టుగాడు చెప్పింది నిజమైతే నిజమనే చెప్పు, కోప్పడను. అలాగే ఆ సన్న నల్లచుక్కలు 120 నంబరు మెష్ గుడ్డ మీద తీశావా, ఇంకా సన్నదా? ఒక్కటీ పూడుకుపోలేదు.

నాన్న