పక్షవాతం తర్వాత మాట: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

ఈ ఏడాదీ ప్రతి నెలా రెండో ఆదివారం కలుసుకున్నాం. వానల వల్ల ఆగస్టు సమావేశం ఒక్కటే తప్పింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

కొత్తగా చేరినవాళ్లలో చాలామంది "ఆయనకు మతి పోయిందండీ" అంటూనే వచ్చారు. మతి పోలేదు. మెదడులో, ఎక్కువమందికి ఎడమవైపు, మాటను నడిపే భాగం దెబ్బతింటే వచ్చే ఈ ఇబ్బందిని అఫేసియా అంటారు. ఏం కావాలో మనిషికి తెలుసు, మాట దొరకదు. పప్పు అడగబోయి ఉప్పు అంటారు. "నేను... బ్యాంకు... రేపు" అని ఆగిపోతారు. కొందరికి మనం చెప్పేది అర్థం కావడమూ కష్టమే.

మార్చి సమావేశం సంగతి చెప్పాలి. మన సభ్యుల్లో ఒకరు రిటైరైన బస్సు కండక్టరు. ఆరు నెలలుగా ఆయన నోట "అదే, అదే" తప్ప ఇంకో మాట లేదు. స్పీచ్ థెరపిస్టు గారు పక్కన కూర్చుని "ఒకటి, రెండు" అని అందుకోగానే, ఆయన పది దాకా తడబడకుండా చెప్పేశారు. అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పద్యాలు ఇలా చాలామందిలో మిగిలే ఉంటాయి. తర్వాత ఆయన ఎడమ చేతిని బల్ల మీద తట్టిస్తూ "కాఫీ కావాలి" అన్నది రాగం తీసి నేర్పారు. ఇది 1970ల్లో బోస్టన్‌లో రూపొందిన పద్ధతి, అందరికీ పనిచేయదు. మూడు వారాలు రోజూ సాధన చేశాక వాళ్లావిడ ఫోన్ చేసి, "ఇవాళ కాఫీ అడిగారండీ" అన్నారు. ఆ పైన ఆమెకే మాట రాలేదు.

మాట దొరకనప్పుడు వేలితో చూపించడానికి, బజారులో దొరికే బొమ్మల చార్టుల బదులు, ఎవరింటి ఫొటోలతో వాళ్లకే పుస్తకాలు చేయించాం. వాళ్ల గ్లాసు, వాళ్ల మాత్రల డబ్బా, వాళ్ల మనవరాలు. ఈ ఏడాది పెట్టిన ఖర్చుల్లో ఇదే బాగా ఉపయోగపడిందని నా అభిప్రాయం.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం ఒకటి. శాశ్వతంగా మిగిలిన అఫేసియా దాని కిందికే వస్తుంది. అయినా వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లిన ఒక కుటుంబాన్ని "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా" అని మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి చట్టం ప్రతి పట్టుకుని మనవాళ్లు తోడు వెళ్లారు, దరఖాస్తు తీసుకున్నారు.

ఖర్చు, ప్రయాణం భరించలేక థెరపీ మధ్యలో మానేసినవాళ్లు ఈసారీ ఉన్నారు. అందుకే వచ్చే ఏడాది ఇంట్లోవాళ్లకే శిక్షణ పెడుతున్నాం, మొదటి తరగతి జనవరిలో. ఈలోగా అందరికీ ఒక మనవి: ప్రశ్న అడిగాక కనీసం పది సెకన్లు ఆగండి. వాళ్ల వాక్యం మీరు పూర్తి చేయకండి.

— కార్యదర్శి