మార్చి ఐసుకు అంగుళాల లెక్క చెల్లదు

సంపాదకుల వారికి,

చెరువుల ఐసు మీద చేపల వేట గురించి మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసంలో ఒక వాక్యాన్ని సవరించి మళ్లీ వేయాలని కోరుతున్నాను. "నాలుగంగుళాల ఐసు ఉంటే మనిషి నిశ్చింతగా నడవొచ్చు" అన్నారు. జనవరిలో కొత్తగా గడ్డకట్టి, కింద నీళ్లు నల్లగా కనిపించే గట్టి ఐసుకు చెప్పిన లెక్క అది. పడిన మంచు తడిసి, మళ్లీ బిగుసుకుని ఏర్పడే తెల్ల ఐసుకు అందులో సగమే బలం. కాబట్టి అక్కడ ఎనిమిది అంగుళాలు చూసుకోవాలి. ఇక ఫిబ్రవరి చివర్లో, మార్చిలో మసాచుసెట్స్ చెరువుల మీద ఏ లెక్కా పనిచేయదు. పది అంగుళాల మందం ఉండి కూడా మనిషిని మోయకపోవచ్చు.

ఐసు పైనుంచి సబ్బులా అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మార్చి 20న సూర్యుడు సెప్టెంబరు 22న ఉన్నంత ఎత్తులో ఉంటాడు. గాలి వణికిస్తున్నా ఆ ఎండ ఐసు లోపలికి దిగి, స్ఫటికాలు అతుక్కున్న చోట్లను ముందు కరిగిస్తుంది. మందం అలాగే ఉంటుంది, పట్టు పోతుంది. ఒక్క పలకగా ఉన్నది నిలువు పుల్లల కట్ట అవుతుంది. ఇక్కడివాళ్లు క్యాండిల్ ఐస్ అంటారు గానీ మనకు అగరొత్తుల కట్ట అంటే తేలిగ్గా తెలుస్తుంది. దారం తెగిన ఆ కట్ట మీద కాలు మోపితే పుల్లలు పక్కకు జరుగుతాయి, మనిషి లోపలికి పోతాడు. కొత్త ఐసులా ముందుగా పెళపెళమని చప్పుడు చేస్తుందన్న భరోసా కూడా లేదు.

పైగా రాత్రి చలికి పుల్లల మధ్య నీరు మళ్లీ గడ్డకడుతుంది. పొద్దున ఏడింటికి చెరువు సిమెంటు గచ్చులా ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి ఒడ్డుకూ ఐసుకూ మధ్య మూడడుగుల నీళ్లు కనిపించవచ్చు. ఒడ్డు మట్టి, అడుగున కుళ్లిన ఆకులు ఎండను పీల్చుకుని అంచును ముందు కరిగిస్తాయి. కొందరు చెక్క పలక వేసి దాటేస్తుంటారు. ఆ పలక రెండో కొస ఆనేది కూడా ఆ పుచ్చిన అంచు మీదే కదా! అంచు విడిపోయిందంటే ఆ చెరువుకు ఆ ఏటికి సీజను ముగిసినట్టే. మధ్యలో ఎంత మందం ఉందన్నది అనవసరం.

అయినా జనం ఎందుకు వెళ్తారంటే, చేప బాగా పడేది అప్పుడే. కరిగిన నీరు వాగుల నుంచి, గాలానికి తవ్విన కన్నాల నుంచి లోపలికి దిగి ప్రాణవాయువును తెస్తుంది. శీతాకాలమంతా లోతులో మందకొడిగా ఉన్న బ్లూగిల్, ఎల్లో పెర్చ్, క్రాపీ వంటి పెనంలో పట్టే చేపలు నాలుగు నుంచి ఎనిమిదడుగుల లోతున్న నాచు మడుగుల్లోకి వస్తాయి. వాటి వెనకే, వాటిని తినే బాస్ అనే పెద్ద చేప వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. చేపలు చేరే వాగు మొగలు, లోతు తక్కువ ఒడ్డులే ఐసు అన్నిటికన్నా ముందు చెడే చోట్లు. వూస్టర్, ష్రూస్‌బరీల మధ్య క్విన్సిగమండ్ సరస్సు మీద వంతెనల కింద, నేటిక్ పక్క కొచిచుయెట్ సరస్సులో ఒక మడుగును ఇంకోదానితో కలిపే ఇరుకు పాయల్లో నీరు కదులుతుంటుంది. వాటి జోలికి జనవరిలోనే వెళ్లకూడదు.

వెళ్లక తప్పదనుకునేవారు దక్షిణపు ఒడ్డు నుంచి దిగాలి. అక్కడ చెట్ల నీడ పడుతుంది. ఎండకు ఎదురుగా ఉండే ఉత్తరపు ఒడ్డు ముందే చెడుతుంది. చేతిలో స్పడ్ బార్ ఉండాలి. అది మన గడ్డపారకు తమ్ముడు, కొస ఉలిలా ఉంటుంది. అడుగు వేసే ముందు ఆ చోట ఒకటికి రెండు పోట్లు గట్టిగా వేయాలి. మంచి ఐసు ఠంగుమని చేతిని వెనక్కి తంతుంది, పలుకులు చిట్లుతాయి. పుచ్చిన ఐసు దబ్బుమంటుంది, బార్ దిగబడుతుంది, కన్నంలోకి బూడిదరంగు నీరు ఊరుతుంది. రెండు పోట్లకే నీరు తగిలితే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి. ఆగర్‌తో, అంటే ఐసుకు కన్నం పెట్టే పెద్ద బరమాతో, ఒకచోట తవ్వి మందం కొలిచి సరిపెట్టుకోవడం దండగ. ఇరవై అడుగుల అవతల సంగతి అది చెప్పదు.

ఒంటిమీద లైఫ్ జాకెట్, మెడలో ఐస్ పిక్స్ (ఐసులో గుచ్చి పట్టుకునే పిడి మేకుల జత), సంచిలో యాభై అడుగుల తాడు ఉండాలి. పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, దాన్ని నిలబెట్టుకోవడమే పని. కాళ్లూ చేతులూ మాట వినేది ఇంచుమించు పది నిమిషాలు. వచ్చిన దిక్కుకే తిరిగి, పిక్స్ గుచ్చి, కాళ్లు తన్నుతూ పొట్టమీద పైకి జారాలి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ ఒడ్డు చేరాలి. చూస్తున్నవాళ్లు 911కి ఫోన్ చేసి, ఒడ్డునుంచే తాడు విసరాలి. పరిగెత్తుకుంటూ వెళ్తే ఇద్దరు మునుగుతారు. కుక్క పడినా ఇదే మాట.

ఆ వ్యాసంలో చట్టం సంగతి కూడా లేదు. పదిహేనేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి. అది డిసెంబరు 31తో చెల్లిపోతుంది కాబట్టి నిరుడు వేసవిలో కొన్నది మార్చిలో పనికిరాదు. ఐసు మీద ఒక మనిషికి ఐదు గాలాలే. బాస్ పన్నెండు అంగుళాలకు తగ్గితే వదిలేయాలి, రోజుకు ఐదుకు మించకూడదు. ఔన్సులోపు సీసం గుండ్లు, సీసం జిగ్‌లు (బరువు గుండు అతికిన కొక్కేలు) 2012 నుంచి నిషేధం. ఔన్సులో ముప్పై రెండో వంతు టంగ్‌స్టన్ జిగ్, రెండు పౌన్ల బరువు ఆపే దారం, కొక్కేనికి రెండు తెల్ల పురుగులు బ్లూగిల్‌కు చాలు. బెండు మునిగితేనే కొరికినట్టని చూస్తూ కూర్చోవద్దు. క్రాపీ కిందనుంచి ఎత్తుతుంది, బెండు పైకి లేస్తే గాలం లాగాలి.

పట్టినవన్నీ వండుకోవద్దు. బాస్ సాటి చేపల్ని తిని పెరుగుతుంది, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ రాష్ట్రపు చెరువుల్లో పట్టిన చేపలు తినవద్దని ఆరోగ్య శాఖ హెచ్చరిక ఉంది. ప్రభుత్వం పెంచి వదిలే ట్రౌట్‌కు మాత్రం మినహాయింపు. పసుపూ కారం దట్టించి వేయించినా పాదరసం పోదు. బ్లూగిల్‌లో బాగా పెద్ద మగవాటిని వదిలేయాలి. గూడు కాసేవి అవే. అవి పోతే చిన్నవి తొందరగా ఈడుకొచ్చి, తర్వాత చెరువునిండా పిడికెడు చేపలే మిగులుతాయి.

కాబట్టి ముందు సవరణ వేయండి. ప్రవాస సంఘాలవారు ఇలాంటి కుటుంబ విహారాలు పెట్టుకుంటే జనవరిలో పెట్టుకోవాలి. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం బడి సెలవులు కలిసొస్తాయని అప్పటిదాకా ఆపితే, తూర్పు మసాచుసెట్స్‌లో చాలా ఏళ్లు ఐసు అప్పటికే అనుమానం. ఊరి ఖర్చులను ఓటుతో తేల్చే టౌన్ మీటింగులో ఓటున్నవారు ఒక పద్దు అడగాలి. ఊరి ప్రతి చెరువు దిగుడు దగ్గర ఒక గుంజ, దానికి గుండ్రటి తేలుడు ట్యూబు, యాభై అడుగుల తాడు. డిసెంబరులోగా పాతించాలి, ఐసు పూర్తిగా పోయేదాకా తీయకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వూస్టర్ కౌంటీ, మసాచుసెట్స్