రికార్డయిన మా మాటల గురించి ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం,

ఏ కస్టమర్ కేర్‌కి చేసినా ముందు వినపడేది మీకూ తెలుసు, క్వాలిటీ కోసం ట్రైనింగ్ కోసం మీ కాల్ రికార్డ్ అవుతుంది అని. ఎవరి ట్రైనింగో, ఎన్నాళ్లు దాస్తారో, ఎవరెవరు వింటారో మాత్రం చెప్పరు. వద్దనుకుంటే ఫోన్ పెట్టేయడమే.

కాల్స్ అనలైజ్ చెయ్యొద్దని నేననట్లేదండి, నేను చేసేదీ ఆడియో డేటా పనే. ఏ కంప్లైంట్ పదే పదే వస్తోంది, జనాన్ని ఎంతసేపు లైన్లో నిలబెడుతున్నారు, ఇవన్నీ అలాగే తెలుస్తాయి. నా గొడవల్లా "పేర్లు తీసేశాం, ఇంక ఏ భయం లేదు" అని కంపెనీలు చెప్పే మాటతోనే. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ యూజర్ల సెర్చ్‌లని పేర్లు తీసేసి, నంబర్లు పెట్టి బయటపెడితే, న్యూయార్క్ టైమ్స్ రిపోర్టర్లు అవి చదివే ఒకావిడ ఎవరో పట్టేశారు. అది వట్టి టెక్స్ట్. ఇక్కడ పేరు బీప్ చేసినా గొంతు గొంతే కదా, దాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఆ బీప్ కూడా అంతంతమాత్రమే. ఫోన్ నంబర్ ఎవరూ ఒక్క ఊపులో చెప్పరు, డబుల్ నైన్, ట్రిపుల్ ఫోర్ అంటూ ముక్కలుగా చెప్తారు, మధ్యలో అవతలివాళ్లు "ఆ చెప్పండి" అంటారు, బీప్ వేసే మిషన్‌కి అది నంబరని తట్టదు. పేరుని తప్పుగా వింటే అది పేరని కూడా తెలీదు, అలాగే వదిలేస్తుంది. వెనకాల గదిలో మాట్లాడుతున్నవాళ్లని పర్మిషన్ అడిగినోడైతే అసలు లేడు 🙂

దారి లేదా అంటే ఉంది. ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎన్నిసార్లు అడ్డుపడ్డారు, గొంతు ఎక్కడ లేచింది, ఈ లెక్కలు రికార్డయిన చోటే తీసేసుకుని ఆడియో చెరిపేయొచ్చు, చాలా రిపోర్టులకి అది సరిపోతుంది. మాటలే కావాలంటే ఒక్కొక్కరి ట్రాన్స్‌క్రిప్ట్ కాకుండా గుంపు లెక్కలు ఇవ్వాలి, అందులోనూ కొంచెం కావాలని తేడా కలపాలి, ఫలానా మనిషి ఆ లెక్కలో ఉన్నాడో లేడో తేలకుండా. డిఫరెన్షియల్ ప్రైవసీ అంటారు, అమెరికా 2020 జనాభా లెక్కలకే వాడింది. చిన్న గుంపుల లెక్కలు కాస్త అటూఇటూ అవుతాయి, రీసెర్చ్ వాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

మిమ్మల్ని అడిగేది, రికార్డింగ్ ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పాలి, ఏఐ ట్రైనింగ్‌కి వాడాలంటే విడిగా అడగాలి, వద్దన్నా సర్వీస్ ఆపకూడదు. 2019లో అలెక్సా, సిరి, గూగుల్ అసిస్టెంట్ రికార్డింగులు మనుషులు కూర్చుని వింటున్నారని బయటపడ్డాకే ఆ కంపెనీలు సెట్టింగులు మార్చాయి, వాటంతట అవి కాదు. ప్రైవేటు వాళ్ల సంగతి తర్వాత, ముందు మీ శాఖ హెల్ప్‌లైన్ల రికార్డింగులు ఎక్కడున్నాయో, ఎవరికి యాక్సెస్ ఉందో వెబ్‌సైట్లో పెట్టించండి సార్.

ఇట్లు,
మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేవాళ్లలో ఒకడు