సెయింట్ క్రాస్ సత్రం, కౌలు పద్దులు

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లో విన్‌చెస్టర్ ఊరి సెయింట్ క్రాస్ ధర్మసత్రంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 1130లలో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లోయిస్ పెట్టిన సత్రం దాత చలవతోనే నేటిదాకా నిలిచిందన్నట్టు రాశారు. నిజానికి దాని ఆస్తి ఒకటికి రెండుసార్లు చేజారబోయింది.

ముందు కట్టడం సంగతి. చర్చిని అంతగా వర్ణించిన వ్యాసకర్త మనుషులుండే పడమటి వరుసను వదిలేశారు. 15వ శతాబ్దంలో కార్డినల్ బ్యూఫోర్ట్ హయాంలో లేచిన రెండంతస్తుల వరుస అది. ఒక్కో గుమ్మంలో మెట్లు, కింద రెండు వాటాలు, పైన రెండు. ఎవరి పొయ్యి వారిదే. ఆ పొడవాటి పొగగొట్టాల బారు అందుకే. ముసలివాళ్లను ఒకే హాల్లో మంచాలేసి పడుకోబెట్టలేదు. కలిసి తినడానికి మాత్రం ఉమ్మడి భోజనశాల, దాని నడుమ నిప్పుల గుండం. దక్షిణం వైపు వరుసను 1789లో కూల్చేశారు. ఆ వైపు ఖాళీ అలా మిగిలినదే.

ఇక ఆస్తి. 13 మంది బీదలకు బస, రోజూ 100 మందికి భోజనం అన్నది దాత ఏర్పాటు. అందుకు భూముల రాబడి ఆధారం. కౌలుదారు ఏటా కట్టే సిస్తు నామమాత్రం. కౌలు తిరగరాసినప్పుడల్లా పెద్ద నజరానా, అంటే ఒకేసారి ముట్టజెప్పే మొత్తం. సిస్తు ఎంత తగ్గితే నజరానా అంత పెరుగుతుంది. నజరానా ఇవాళ్టి మాస్టర్‌కి, అంటే సత్రం అధిపతికి; నష్టం రేపటి బీదలకి! పాత నిబంధనల పత్రాలు పోయాయని, మిగులంతా మాస్టర్‌దేనని 1696లో ఒక కాగితం రాసుకుని సంతకాలు కూడా చేశారు. 1808లో బిషప్ బ్రౌన్‌లో నార్త్ మాస్టర్ పదవిని సొంత కొడుక్కే కట్టబెట్టారు. 1853లో జడ్జి రోమిలీ ఆ కాగితం చెల్లదన్నారు. 1855లో కొడుకు దిగిపోయారు. తర్వాత పెత్తనం ట్రస్టీల చేతికి వెళ్లింది. ఈ రోగం కొత్తదేమీ కాదు: 1370లలోనే బిషప్ విలియం ఆఫ్ వైకమ్ అప్పటి మాస్టర్లతో ఇదే సత్రం సొమ్ము గురించి ఏళ్ల తరబడి వ్యాజ్యమాడారు.

గేటు దగ్గర అడిగినవాళ్లకు ఇప్పటికీ కొమ్ముపాత్రలో కాస్త బీరు, రొట్టె ముక్క ఇస్తారు. వ్యాసకర్త దానికే మురిసిపోయారు, తప్పులేదు.

మన సత్రాల భూములు 1987 దేవాదాయ చట్టం పరిధిలోవే. ఇక్కడా అలా జరగకూడదంటే, కౌలు వేలం ముగిశాక సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలుదారు పేరు, గడువు, ఏటా కట్టే సొమ్ము, విడిగా తీసుకున్న డిపాజిట్ ఉంటే అది ఏ ఖాతాలో ఉందో సత్రం గోడ మీదే రాయించాలి. పాత కౌలు మొత్తం కూడా పక్కనే ఉండాలి, లేకపోతే తగ్గిందో పెరిగిందో చదివేవాడికి తెలియదు. దేవాదాయ శాఖ కమిషనర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోయే పని ఇది.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం