వార్షిక నివేదిక 2025–26: ఆటల విభాగం

గౌరవనీయులైన మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులకు నమస్కారం.

వినాయక చవితి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. ఆ వివరాలు సాంస్కృతిక కార్యదర్శి గారు చెబుతారు. నాకు ఏడాదంతా ఒక్క పనికే సరిపోయింది. మనవాళ్ళు రాసి నడుపుతున్న ఆన్‌లైన్ ఆటలో స్కిల్ అప్‌గ్రేడ్ పద్ధతిని, అంటే ఆటగాడి కత్తి, విలువిద్య లాంటి నైపుణ్యాలు మెట్టుమెట్టుగా పెరిగే లెక్కని, తిరగరాయడం.

పాత పద్ధతితో పడ్డ బాధ మీకు తెలిసిందే. ఒక్కో మెట్టుకి దెబ్బ బలం 10 శాతం పెరిగేది, అదీ పెరిగినదాని మీద మళ్ళీ 10 శాతం. అచ్చంగా చక్రవడ్డీ. ఇరవయ్యో మెట్టు చేరేసరికి పాత ఆటగాడి దెబ్బ కొత్తవాడి దెబ్బకి 6.7 రెట్లు. మారతహళ్ళి, కె.ఆర్.పురం పీజీల నుంచి ఉత్సాహంగా చేరిన కుర్రాళ్ళు మూడు రోజులు ఆడి, మూడు రోజులూ చచ్చి, చెప్పకుండా మానేసేవారు. ఇప్పుడు మెట్టుకి 3 శాతమే, అదీ మొదటి బలం మీదే. ఇరవై మెట్లెక్కినా 1.6 రెట్లే. ఇది అన్యాయమని ముగ్గురు సీనియర్లు నాతో మాట్లాడటం మానేశారు. ఫరవాలేదు.

తప్పు స్కిల్‌లో పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకునే వీలు కూడా ఇచ్చాం. డయాబ్లో 2 లాంటి ఆటకే ఆ సౌకర్యం 2010లో, 1.13 ప్యాచ్ (ఆటకి ఇచ్చే సవరణ)తో గానీ రాలేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట 2012లో టాలెంట్ ట్రీలు (కొమ్మల్లా చీలే స్కిల్ పట్టికలు) తీసేసి, 2022లో మళ్ళీ తెచ్చుకుంది. అంత పెద్ద కంపెనీకే మనసు మార్చుకోవడానికి పదేళ్ళు పట్టింది. "ఇంత ఆలస్యమా" అని కమిటీలో కేకలేసినవారు ఇది గమనించగలరు.

ఇక మేం కొత్తగా పెట్టింది, స్కిల్ వాడేకొద్దీ పెరిగే పద్ధతి. 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్ అనే ఆట నుంచీ ఉన్నదే. దాన్ని పరీక్షించడానికి సంక్రాంతి తర్వాతి ఆదివారం కలుద్దామనుకున్నాం. హాలు అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఒక కొత్త కాగితం అడిగారు. చివరికి ఒక సభ్యురాలు తమ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ఇప్పించారు. పేరు రాయొద్దన్నారు గానీ, ఆవిడ లేకపోతే ఈ నివేదిక లేదు.

ఆ రోజు సంగతి చెప్పి తీరాలి. ఇంటర్ చదివే ఒక అబ్బాయి ఆటలోని సాధన మైదానంలో తన వీరుణ్ణి గడ్డిబొమ్మ ముందు నిలబెట్టి, దెబ్బ కొట్టే స్పేస్‌బార్ మీద ఉప్పు డబ్బా పెట్టి, టిఫిన్‌కి వెళ్ళాడు. పెసరట్టు తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వాడి కత్తి స్కిల్ పద్నాలుగో మెట్టు మీద ఉంది! ఇన్ని నెలలు కూర్చుని రాసిన మాకు తట్టని బగ్గు ఉప్పు డబ్బాకి దొరికింది. ఆ రాత్రే సరిచేశాం. గడ్డిబొమ్మ ఐదో మెట్టు దాటాక ఏమీ నేర్పదు. ఒకే శత్రువును వరసగా కొడితే వచ్చే లాభం దెబ్బదెబ్బకీ సగమవుతుంది. ఆ అబ్బాయికి చప్పట్లు, ఉప్పు డబ్బా ఇచ్చిన వాళ్ళమ్మగారికి ధన్యవాదాలు.

వస్తామని పేర్లిచ్చినవారిలో సగం మంది రాలేదు. ఊళ్ళోనే ఉండిపోయామని, అక్కడ నెట్ సరిగా లేదని మెసేజ్‌లు పెట్టారు. నెట్ లేనివాళ్ళు అదే మధ్యాహ్నం పాత సర్వర్లో గంటలకొద్దీ ఆడినట్టు సర్వర్ లాగ్‌లో (ఎవరు ఎప్పుడు ఆడారో రాసుకునే చిట్టాలో) ఉంది. పేర్లు చదవను. వారికి తెలుసు.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చినప్పుడు చాలామంది టెన్షన్ పడి ఫోన్లు చేశారు. ఆ చట్టం నిషేధించింది డబ్బు కట్టి, డబ్బు గెలుచుకునే ఆటల్ని. మన ఆటలో రూపాయి పందెం కూడా లేదు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు జతచేశారు. సర్వర్ అద్దె, టిఫిన్లు తప్ప చెప్పుకోదగ్గ ఖర్చు లేదు. ప్రశ్నలు వారినే అడగండి.

సొంత మెషిన్ అరువిచ్చిన ఉపాధ్యక్షులకు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి ప్రతి శనివారం వచ్చిన ఇద్దరు కోడర్లకు, బొమ్మలు గీసిన అమ్మాయికి, స్కిల్ పేర్లన్నీ తెలుగులో పెట్టిన మాస్టారుగారికి కృతజ్ఞతలు. "కర్రసాము" అన్న పేరు నాదే, అది కూడా రికార్డులో ఉండనివ్వండి.

విలువిద్య, వైద్యం స్కిల్స్ ఇంకా పాత లెక్కలోనే ఉన్నాయి. పరీక్షించడానికి మనుషులు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే నాకు రాసివ్వండి. ఈసారి ఫోన్ నంబరుతో పాటు, ఊరికి ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు వస్తారో కూడా.

ఇట్లు,
కార్యదర్శి, బెంగళూరు