మోజు తీరినా కిస్తీ తీరదు

సంపాదకులకు,

2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెలసరి ఖర్చు సగటున 8,978 రూపాయలు. దేశ పట్టణ సగటు 6,996. ఖర్చులో ముందున్నాం సరే, ఇళ్లలో చిరాకు మాత్రం తగ్గలేదు. దేనికి ఖర్చు పెడుతున్నామో చూస్తే కారణం తెలుస్తుంది.

కొత్త ఫోన్ మోజు మూడు నెలలు, కిస్తీ ఏడాదిన్నర. వడ్డీ లేని ఈఎంఐ అన్నా లోపల వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధర తగ్గించి చూపిస్తారంతే. ప్రాసెసింగ్ ఫీజు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సాధారణంగా మన నెత్తినే పడతాయి. అంతకంటే ముంచేది క్రెడిట్ కార్డు బిల్లులో ఈ నెలకు ఇంత కడితే చాలనే 'కనీస మొత్తం'. 40,000 బాకీకి 5 శాతం లెక్కన 2,000 కట్టారనుకోండి. నెలకు 3.5 శాతం వడ్డీ 1,400, దాని మీద జీఎస్టీ 252 పోతాయి. అసలులో తగ్గేది 348! బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న పాలప్యాకెట్టుకూ కొన్నరోజు నుంచే వడ్డీ. ఆ కార్డు సంగతి ఇంట్లో ఒకరికి తెలియకపోతే ఇక చెప్పేదేముంది.

అలాగని పిసినారితనం పనికిరాదు. కొత్త టీవీకి అలవాటు పడి మోజు తీరిపోతుంది గానీ, రోజూ ట్రాఫిక్ చిరాకుకు మాత్రం అలవాటు పడం. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి పోనూరానూ 50 కిలోమీటర్లు వేసుకుంటే 22 రోజులకు 1,100. లీటరుకు 45 ఇచ్చే బండికి, పెట్రోలు 107 చొప్పున, దాదాపు 2,600 అవుతుంది. ఆఫీసు దగ్గర అద్దె 4,000 ఎక్కువైనా అదనంగా పడేది 1,400. రోజుకు రెండు గంటలు మిగిలితే నెలకు 44, అంటే గంట 32 రూపాయలకు వచ్చినట్టు. ఇంతకంటే చవక బేరం ఈ ఊళ్లో లేదు. పిల్లల బడి మార్చాల్సివస్తే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది.

జూన్‌లో ఫీజులు, బతుకమ్మ-దసరా బట్టలు, బండి బీమా, ఆస్తిపన్ను ఏటా వచ్చేవే. అయినా ఏటా అప్పే. అన్నీ కలిపి 96,000 అయితే 12తో భాగించి, జీతం పడ్డ రోజే 8,000 వేరే ఖాతాలో వేయాలి. ఆ ఖాతాను యూపీఐకి కలపొద్దు, చాలామంది దగ్గర ఈ పద్ధతి చెడేది అక్కడే. అలాగే యూపీఐలో ఆటోపే జాబితా, అంటే ఖాతాలోంచి వాటంతటవే కోసుకునే చందాల జాబితా, ఓసారి తెరిచి చూడండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. అక్కడ రద్దు చేస్తే ఆగుతుంది.

- ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్