మన సైక్లింగ్ క్లబ్ వార్షిక నివేదిక, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. వచ్చినోళ్ళు వినండి, రానోళ్ళు గ్రూపులో పెడతా చదువుకోండి.

ఈ ఏడాది మన పనంతా కొత్తగా రేసింగ్‌లోకి రావాలనుకునే పిల్లకాయలతోనే. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది "అన్నా, కార్బన్ సైకిల్ ఎంతవుద్ది" అనే, తేలిగ్గా ఉండే ఖరీదైన రేసు సైకిల్ అది. ముందు కాళ్ళు, ఊపిరి తయారవ్వాల నాయనా అంటే మొహం మాడ్చుకుంటారు. మొదటి రెండు మూడు నెలలు పక్కనోడితో ఆయాసం లేకుండా మాట్లాడుకుంటా పోయే స్పీడులోనే తొక్కించాం, మాట తెగిందంటే స్పీడ్ తగ్గించాల్సిందే. బోర్ అని కొందరు మానేశారు గానీ ఆ నెమ్మది తొక్కుడులోనే గుండె ఒక్కో దెబ్బకి తోసే రక్తం పెరుగుద్ది, కండరాలు కొవ్వు వాడుకోడం నేర్చుకుంటాయి. బరువు గేర్లో తొక్కి మోకాళ్ళ మీదకి తెచ్చుకోకుండా నిమిషానికి 80-90 సార్లు పెడల్ తిరిగే చిన్న గేర్ అలవాటు చేశాం. ఆ తర్వాతే వారానికి ఒకటి రెండు రోజులు ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి తొక్కడం), నరసింహకొండ ఎక్కడం, మిగతావి తేలిక రోజులు, ఒకరోజు పూర్తి రెస్ట్. రెస్ట్ రోజున జిమ్‌కి పోయి ఫోటో పెట్టినోళ్ళని నేను చూశా. గంట దాటి తొక్కితే అరటిపండో ఖర్జూరమో జేబులో ఉండాల, మన ఎండలకి నీళ్ళలో ఉప్పు కూడా.

ఇంక గర్వంగా చెప్పుకోవాల్సింది మైపాడు రోడ్డులో పెట్టిన 20 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పడే పోటీ. ఒక్కొక్కర్నీ నిమిషం తేడాతో వదిలాం, ఎవురి గాలి వాళ్ళే చీల్చుకోవాల, ఇంకోడి వెనకాల దాక్కోడానికి లేదు. రోడ్డు చదునే గానీ సముద్రం గాలి ఎదురొచ్చేసరికి మొదటి ఐదు కిలోమీటర్లు రెచ్చిపోయినోళ్ళు సగంలోనే చతికిలబడ్డారు. మామూలు ఇనప గేర్ సైకిల్ మీద వచ్చిన కాలేజీ పిల్లోడు ఒకే ఊపులో తొక్కి కార్బన్ సైకిలాయన్ని దాటేశాడు. ఆయన పేరు రాయను, ఎక్కువ చందా ఇచ్చింది ఆయనే.

హెల్మెట్ లేనోళ్ళని స్టార్ట్ లైన్ దగ్గరే ఆపాం. అలిగినోళ్ళకి ఒకటే మాట, పెద్ద ప్రొఫెషనల్ రేసుల్లోనే 2003 నుంచి తప్పనిసరి.

పర్మిషన్ కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిప్పించుకున్నారు, ఈరోజు సార్ లేడు, రేపు సార్ మీటింగ్. సరే వాళ్ళు బయటోళ్ళు, మలుపుల దగ్గర జెండా పట్టుకుంటామని గ్రూపులో బొటనవేళ్ళు పెట్టిన మనోళ్ళు తెల్లారి ఐదింటికి ఫోన్లు స్విచాఫ్ చేస్తే ఏమనాల? చివరికి ఆడపిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నిలబడ్డారు, వాళ్ళకి చేతులెత్తి దండం.

పంక్చర్లు ఊరకే వేసిన సైకిల్ షాపు భాయ్‌కి, మజ్జిగ పంచిన మైపాడు రోడ్డు ఊళ్ళోళ్ళకి, ఫస్ట్ ఎయిడ్ బాక్స్‌తో వెంట వచ్చిన డాక్టర్ గారికి థాంక్స్.

లెక్కలు: వచ్చింది వచ్చినట్టే ఖర్చయింది, బిల్లులు కోశాధికారి దగ్గర ఉండాయి, చూసుకోవచ్చు. చందా బాకీలోళ్ళు ఈరోజే కట్టండి.

రెండు స్టాప్‌వాచీలు ఎవురి దగ్గరో ఉండిపోయాయి, తెచ్చి ఇవ్వండి.

మీ కార్యదర్శి